రెండో బ్రేకు

నా పని కారు నడపడం నేర్పించడం. నేర్చుకునేవాళ్లు స్టీరింగు ముందు, నేను వాళ్ల పక్క సీట్లో. నా కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. వాళ్లు కంగారులో గోడ మీదికి పోతుంటే నేను దాన్ని నొక్కుతాను. ఇన్నేళ్లుగా అదే పని కాబట్టి, ఇంట్లో సోఫాలో కూర్చున్నా సరే, ఎవరైనా ఏదైనా తేడాగా చేస్తుంటే నా కుడికాలు నేలని నొక్కేస్తుంది. మా ఆవిడకి అది చూస్తే ఒకటే నవ్వు.

ఆ రోజు పొద్దున నేను చేసింది బుద్ధున్నవాడు చేసే పని కాదు. పాఠం చెప్పే కారులోనే మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని బడికి బయల్దేరాను. ఏం చెయ్యమంటారు? మా ఆవిడకి ఆసుపత్రిలో పొద్దుటి డ్యూటీ. బడి వ్యాను డ్రైవరేమో "మీ పాపతో నావల్ల కాదు సార్, దణ్ణం" అని చేతులెత్తేశాడు. నా దగ్గర కారు నేర్చుకుంటున్న పళ్ల డాక్టరమ్మకి ఆ వేళకే పాఠం చెబుతానని మాటిచ్చేశాను. ఆవిడ నడుపుతుంటే దారిలో పిల్లని దింపేస్తే సరి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మా అమ్మాయిని ఇంట్లో లాయరమ్మ అంటాం. ఎనిమిదేళ్లది. "పాలు తాగు" అంటే "ఎందుకు?" అంటుంది. "నేను చెప్పాను కాబట్టి" అన్నామా, గ్లాసు గోడకి తగలాల్సిందే. చుట్టాలు గారాబం అన్నారు. పక్కింటావిడ పొగరు అంది. కౌన్సెలింగు చేసే డాక్టరుగారు మాత్రం దానికో పొడుగాటి పేరు చెప్పి, "ఇది పొగరు కాదండీ, మీ పెంపకంలో లోటూ కాదు. ఎవరైనా అదిలిస్తే పాపకి లోపల మంట అంటుకుంటుంది. ముందు కాలేది తనే. చెప్పాల్సింది ఒక్కసారి చెప్పండి. ఎంచుకోడానికి రెండు దారులివ్వండి. ఆ తర్వాత నోరు కట్టేసుకోండి" అన్నారు. మొదటి రెండూ ఎలాగో నేర్చుకున్నాను. మూడోది చచ్చినా రాలేదు.

ఆ రోజు తొమ్మిదింటికి బడి పెద్ద టీచరుగారు రమ్మన్నారు. "పాపతో నేనే మాట్లాడతాను. గొడవ లేకుండా కూర్చుని నాలుగు మాటలు చెబితే ఉంచుకుంటాం. లేదంటే వేరే బడి చూసుకోండి" అని కచ్చితంగా చెప్పేశారు. అప్పటికే రెండు బళ్లు అయిపోయాయి. ఇది కూడా పోతే దగ్గర్లో చేర్చుకునేవాళ్లే లేరు. తెల్లారినప్పట్నుంచీ నాకు కాళ్ల కింద నిప్పులు పోసినట్టే ఉంది.

మలుపు తిరిగామో లేదో, వెనక టక్కుమంది. లాయరమ్మ సీటు బెల్టు తీసేసింది.

"డాక్టరుగారూ, మెల్లిగా పక్కకి ఆపండి" అన్నాను పళ్ల డాక్టరమ్మతో.

ఎంతమంది పళ్లు పీకిందో తెలీదుగానీ, స్టీరింగు పట్టుకుంటే ఆవిడ చేతులు వణుకుతాయి. బ్రేకు తొక్కింది, క్లచ్చు మరిచిపోయింది. బండి రోడ్డుకి అడ్డంగా ఆగి ఇంజను చచ్చింది. వెనక నుంచి బస్సు హారను. దాని వెనక ఇంకెన్నో.

"బెల్టు పెట్టుకో!" వెనక్కి తిరిగి అరిచాను.

"పెట్టుకోను."

"పెట్టుకోమన్నానా!"

"అరిస్తే అస్సలు పెట్టుకోను! నేను ఆ బడికి రాను. ఎలాగూ వాళ్లు పొమ్మంటారు, నాకు తెలుసు!" అంటూ నా సీటుని వెనక నుంచి తన్నడం మొదలెట్టింది.

నా నోటిదాకా వచ్చిన మాటలు రాయదగ్గవి కావు. ఇంతలో డాక్టరమ్మ తాళం తిప్పింది. బండి ఎగిరిపడి ఆగింది. మళ్లీ తిప్పింది, మళ్లీ అంతే. బస్సు డ్రైవరు తల బయటపెట్టి ఆవిడ వంశాన్నంతా తలుచుకుంటున్నాడు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అలవాటు కొద్దీ గొంతు దించాను.

"ఏం పర్లేదండీ. కొట్టుకోనివ్వండి హారన్లు, వాళ్ల చెయ్యేగా నొప్పెట్టేది. క్లచ్చు పూర్తిగా నొక్కండి. ఆఁ, అలాగే. ఇప్పుడు తాళం. తొందరేం లేదు."

బండి పక్కకి చేరింది. బస్సు వెళ్లిపోయింది. నా వీపు మీద తన్నులు ఆగిపోయాయని అప్పుడుగానీ గమనించలేదు.

"ఆంటీ మీద ఎందుకు అరవలేదు?" అంది లాయరమ్మ. "రోడ్డు మధ్యలో ఆపేసిందిగా. నాకంటే పెద్ద తప్పు."

"అరిస్తే ఇంకా కంగారుపడతారమ్మా. ఏ కాలు ఎక్కడుందో తెలీదు. ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కేస్తారు."

అది కిటికీ వైపు తిరిగి, కోపంగానే, "అరిస్తే నాకూ తెలీదు" అంది.

ముక్కూ మొహం తెలియనివాళ్లకి రోజంతా పంచిపెట్టే ఓపిక, నా బిడ్డ దగ్గరికొచ్చేసరికి చిటికెడు కూడా మిగలట్లేదు. సిగ్గేసింది.

"బెల్టు పెట్టుకున్నాక బండి కదులుతుంది" అన్నాను. "ఈ కిటికీ దగ్గర కూర్చుంటావో, ఆ కిటికీ దగ్గర కూర్చుంటావో నీ ఇష్టం."

ముందుకి తిరిగి నోరు కట్టేసుకున్నాను. అబ్బ, ఎంత నరకం! తొమ్మిది దాటిపోయింది. జేబులో ఫోను మోగుతోంది, బడి నుంచే అయుంటుంది. డాక్టరమ్మ నా వైపు చూస్తోంది. నేనేమో పెదవి కొరుక్కుంటూ, ఆగున్న బండికి బలంకొద్దీ బ్రేకు నొక్కుతున్నాను.

వెనక సీటు మీద పాప పక్కకి జరిగిన చప్పుడైంది. అవతలి కిటికీ దగ్గర టక్కుమంది.

"పోనివ్వండి డాక్టరుగారూ" అన్నాను. ఇంకొక్క ముక్క మాట్లాడలేదు.

బడి రాగానే డాక్టరమ్మని కారులోనే ఉండమని మేం లోపలికి పరుగెత్తాం. పెద్ద టీచరుగారు గది గుమ్మంలోనే నిలబడి వాచీ చూసుకుంటున్నారు.

"ఇవాళ కూడా ఆలస్యమేనా?"

"పాప బెల్టు పెట్టుకునేదాకా ఆగామండీ. తనంతట తనే పెట్టుకుంది" అన్నాను. లాయరమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

టీచరుగారు తన ఎదుటి కుర్చీ చూపించారు. "సంచి కింద పెట్టి ఇక్కడ కూర్చో."

"కూర్చోను."

అయిపోయింది, ఈ బడీ పోయింది అనుకున్నాను. టీచరుగారి మొహం బిగుసుకుంది. నా కుడికాలు నేలని తొక్కేస్తోంది. 'చెప్పినట్టు విని చావు' అనే మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఇక లాభం లేదని కాలు పైకెత్తేశాను. నిజంగానే, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డాను.

"రెండు చోట్లు చూపించండి మేడమ్" అన్నాను గొంతు దించి. "చూపించి కాసేపు ఆగుదాం."

ఆవిడ నన్నూ, నా కాలినీ వింతగా చూశారు. ఏమనుకున్నారో ఏమో, "ఈ కుర్చీలోనా, కిటికీ దగ్గర బల్ల మీదా?" అని పాపని అడిగారు.

ఆగాం. బయట గంట కొట్టారు. పిల్లలు గోలగా పరుగెత్తారు. నేనింకా ఒంటికాలి మీదే ఉన్నాను.

లాయరమ్మ వెళ్లి బల్ల మీద కూర్చుంది. "సంచి మాత్రం తియ్యను" అంది.

పెద్ద టీచరుగారు నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను.

"సరే, ఉండనీ" అంటూ ఆవిడ తన కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నారు. "ఈ బళ్లో నీకు ఏది అస్సలు నచ్చదో ముందు అది చెప్పు."

"చాలా ఉన్నాయి. సాయంత్రం దాకా పడుతుంది."

"అయితే కొన్ని ఇవాళ చెప్పు" అన్నారావిడ. "మిగతావి రేపు వచ్చాక చెబుదువుగాని."

రేపు అన్నారు. నేను ఎత్తిన కాలు అప్పుడు కింద పెట్టాను.