స్టీరియోలో ఇసుర్రాయి

కృష్ణకాంత్‌కు సంగీతమంటే ప్రాణం. కాకపోతే ఆ ప్రాణం అతని కళ్ళలో ఉంటుంది, చెవుల్లో కాదు. ఆలేరులో జానపద పాటల ఛానల్ నడుపుతాడు. పాట ఎలా ఉందని అడిగితే ఎంతమంది చూశారో చెబుతాడు. పాడిన మనిషి పేరు వీడియో చివర, భూతద్దం పెట్టి చదవాల్సిన అక్షరాల్లో వేస్తాడు. నేను ఆ ఛానల్‌కు సౌండు మనిషిని, పేరు ఫహీం. మా నాయన యాకూబ్ పెళ్ళిళ్ళకు లౌడు స్పీకర్లు కిరాయికిచ్చేవాడు. పాటను ఊరంతటికీ వినిపించడం ఆయన పని. ఊరు చేసే చప్పుడులోంచి పాటను బయటికి లాగడం నా పని. ఇద్దరికీ దక్కిన మెచ్చుకోలు మాత్రం ఒక్కటే: "జర సౌండు పెంచు."

ఆ ఏడు నేను మోజుపడి స్టీరియో మైకుల జత తెచ్చుకున్నాను. ఒకే కడ్డీ మీద రెండు మైకులు, మన రెండు చెవుల మధ్య ఉన్నంత ఎడంగా, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ముఖం తిప్పుకుని ఉంటాయి. వాటిని సరైన చోట పెడితే, తర్వాత కళ్ళు మూసుకుని విన్నా ఎవరు ఎటువైపు కూర్చుని పాడారో తెలిసిపోతుంది. మైకులు స్టాండుకు నేరుగా తగలవు. రబ్బరు తాళ్ళ ఊయలలో వేలాడుతుంటాయి. నేల అదిరితే ఆ అదురు స్టాండు దాకా ఎక్కుతుంది, ఊయల దగ్గర ఆగిపోతుంది. ఇదంతా ఓపికగా వివరిస్తే కృష్ణకాంత్ శ్రద్ధగా విని, "రెండెందుకు భాయ్? ఒకటి ఖరాబైతే ఇంకోటి ఉండాల్ననా?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావని అడిగాడట. అలా ఉంది మా కొలువు.

అలాంటి మా దగ్గరికి ప్రవళిక వచ్చింది. స్టేషన్ దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తుంది. వాళ్ళమ్మ భిక్షమ్మకు కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఏమడిగినా చూపే తప్ప నోట ఒక్క మాట లేదు. అయితే ఒక రోజు పక్కింట్లో తోటికోడలు అండాలు ఇసుర్రాయి తిప్పుతుంటే భిక్షమ్మ వెళ్ళి ఎదురుగా కూర్చుని, ఎడమచేత్తో కొయ్యపిడి పట్టుకుని, పాటలో తన వంతు అందుకుందట. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ ఇద్దరూ ఆ రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకరు అడిగితే ఒకరు జవాబిస్తూ పాడినవాళ్ళే.

"మాట వస్తలేదన్నా, రాయి తిరిగితే పాట వస్తాంది" అంది ప్రవళిక. "మంచిగ రికార్డు చేసియ్యిన్రి. రోజూ ఇంట్ల పెట్టి వినిపిస్త. దవాఖానల గూడ పాటలు వినిపియ్యిమన్నరు. గట్లనన్న మాట తిరిగొస్తదేమో అని ఆశ. నన్ను పేరు వెట్టి పిలవక ఏడాదాయె."

కృష్ణకాంత్ కళ్ళు చెమర్చాయి. కళ్ళు తుడుచుకుని, "ఎమోషన్ మస్తుంది. మంచిగ పోతది ఇది" అన్నాడు.

అండాలు మనవరాలు మమత పెళ్ళికి పసుపు కొట్టే రోజున రికార్డింగు పెట్టుకున్నాం. పందిట్లో ఇసుర్రాయి సిద్ధంగా ఉంది. నేను రాయికి కొంచెం ఎడంగా స్టాండు నిలబెట్టి, ఎడమ మైకు అండాలు వైపు, కుడి మైకు భిక్షమ్మ వైపు చూసేలా సర్ది, వైర్లు తెచ్చుకోవడానికి ఆటో దగ్గరికి పోయాను. అదే నేను చేసిన పొరపాటు. పెళ్ళింట్లో వస్తువును ఒంటరిగా వదిలిపెట్టకూడదు. ఎత్తుకుపోతారని కాదు, ముస్తాబు చేస్తారని.

తిరిగి వచ్చేసరికి స్టాండుకు నిలువునా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. పసుపు కొట్టే రోజు రోలుకు, రోకలికి, ఇసుర్రాయికి పసుపుకొమ్ము కట్టిన దారం కంకణంగా కట్టడం వాళ్ళ ఆనవాయితీ. పందిట్లోకి కొత్తగా వచ్చిన చుట్టాన్ని అండాలు చిన్నచూపు చూస్తుందా? నా స్టాండుకూ కట్టింది. అంతటితో ఆగితే బాగుండేది. రబ్బరు ఊయలలో మైకులు కదలడం చూసి ఆమెకు భయమేసిందట. దారాన్ని పేట మీద పేట వేసి, మైకులను కడ్డీకి, కడ్డీని స్టాండుకు కలిపి బిగించి, ముడి మీద ముడి వేసింది. నేను ఎంతో ముచ్చటపడి కొన్న ఊయల ఇప్పుడు గోడకు కొట్టిన మేకంత కదలకుండా ఉంది.

"పెద్దమ్మా, ఏం చేసినవ్?"

"ఊగుతాంది బిడ్డా. కిందవడి పగిలితె నువ్వు నష్టపోవా? గట్టిగ కట్టిన, ఇగ కదలది."

"అవి ఊగాలె పెద్దమ్మా. కట్టేస్తే రాయి అదురంత మైకులకు ఎక్కుతది. జర తెంపుత."

"కంకణం తెంపుతవా?" అంది అండాలు. "పెండ్లి గాకముందే? ఆడివిల్ల పెండ్లి ఇంట్ల?"

మమత పెళ్ళి కంటే నా రబ్బరు తాళ్ళు ఎక్కువని ఎవరితో చెప్పను? కృష్ణకాంత్ మాత్రం ఆనందం పట్టలేక స్టాండు చుట్టూ తిరిగి కెమెరాతో తీస్తున్నాడు. "ఏం కలర్ వచ్చింది భాయ్! రోజూ గిట్లనే తయారు చెయ్యరాదు."

రాయి తిరిగింది. ఇయర్‌ఫోన్స్‌లో లారీ ఇంట్లోకి దూరినట్టు బొయ్యిమని ఒకటే హోరు. దాని మీద ఎడమ చెవిలో అండాలు:

"తిప్పంగ తిప్పంగ ఓ తోటికోడలా, ఇసిరిన పిండేమొ ఎవ్వరిపాలు?"

కుడి చెవిలో ఏమీ లేదు, రాయి ఒక చుట్టు తిరిగింది. తర్వాత, అక్షరాలు అరిగిపోయిన గొంతుతో భిక్షమ్మ అందుకుంది:

"పిండేమొ ఓ అక్క పిల్లలపాలు, పాడిన పాటేమొ మనయిద్దరిపాలు."

పందిట్లో ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ప్రవళిక రాటను పట్టుకుని నిలబడి ఏడుస్తోంది. ఏడాదిగా మూగబోయిన గొంతు పలికిన ఆ సమయంలో నేనేం చేస్తున్నానంటే, హోరు ఎంత ఎక్కువగా వస్తోందో చూసుకుని ఏడుస్తున్నాను. వృత్తిధర్మం అంటే ఇదే కాబోలు.

కృష్ణకాంత్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విని, మొట్టమొదటిసారి సౌండు గురించి ఒక అభిప్రాయం చెప్పాడు. "ఖరాబైంది భాయ్. రాయిని పక్కన పెట్టిద్దాం. చేతులు ఊకనే తిప్పుతే కెమెరాకు చాలు."

"రాయి లేకుంట ఏమిసరాలె బిడ్డా? గాలినా?" అంది అండాలు. అయినా పిలిచిన పాపానికి గాలినే తిప్పుతూ పాడింది. భిక్షమ్మ ఎడమచెయ్యి గాలిలో కాసేపు పిడి కోసం వెతికి, ఒడిలోకి జారిపోయింది. నోరు తెరుచుకుంది గానీ పాట రాలేదు. ప్రవళిక నా వైపు చూసింది, నేను వైర్లు చుట్టుకుంటూ తల వంచుకున్నాను.

కళాకారులు పాడకపోతే పని ఆపేసే మనిషి కాదు కృష్ణకాంత్. భిక్షమ్మ జవాబులను హైదరాబాదులో వేరే అమ్మాయితో పాడించి, భిక్షమ్మ పెదవులు కదిలిన షాట్ల మీద అతికించాడు. రాయి చప్పుడుకు బదులు కింద మెషిన్ డప్పు వేయించాడు. పైన "కల్తీ లేని అసలైన పల్లె గొంతు" అని పేరు పెట్టాడు. జనం విరగబడి చూశారు. పాతకాలం గొంతులో ఉండే తీపే వేరని రాసుకున్నారు. ఆ హైదరాబాదు పిల్లకు ఇసుర్రాయి ఎలా ఉంటుందో కూడా తెలియదు. మొదట రాయితో తీసిన టేకును చెరిపేయమని నాకు చెప్పాడు. నేను చెరపలేదు, దూరదృష్టితో కాదు, బద్ధకంతో.

పెళ్ళయిన కొద్ది వారాలకే భిక్షమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం దిగొద్దన్నారు, నేల మీద కూర్చోవడం ఇక ఈ జన్మకు లేదన్నారు. అంటే ఇసుర్రాయి కూడా లేదు. ఒక మధ్యాహ్నం ప్రవళిక మా నాయన నాటి స్పీకర్ల దుకాణానికి వచ్చింది. అరుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

"వీడియో పెట్టిన అన్నా. అమ్మ పొద్దుగాల్ల మొత్తం చూసింది. తన నోరే కదులుతాంది, గొంతు తనది గాదు. చూసి గోడ దిక్కు మర్లింది. అప్పటిసంది నన్ను గూడ చూస్తలేదు, తింటలేదు." ఫోను నా ముందు పెట్టి అడిగింది. "మా అమ్మ నోట్ల ఎవర్ని పెట్టిన్రన్నా?"

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మీ అమ్మ పాడింది నా దగ్గరుంది. గని దాని నిండ రాయి చప్పుడే. కంకణంతోని మొత్తం ఖరాబైంది. జర ఆగు, సాఫ్ చేసిస్త."

"రాయి చప్పుడు ఉందా?" ప్రవళిక ముఖం మారింది. "ముట్టకన్నా. ఎట్లుంటె గట్లనే తీసుకరా."

రెండు స్పీకర్ బాక్సులు ఆటోలో వేసుకుని వెంటనే పోయాను. భిక్షమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అండాలు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఎడమ బాక్సు మంచానికి అటు, కుడి బాక్సు ఇటు పెట్టాను. స్పీకర్ల అదురు నేలకు దిగకుండా కింద మెత్తటి స్పాంజి ముక్కలు వేయడం నా పద్ధతి. వాటిని చేతిలోకి తీసుకుని, మళ్ళీ సంచిలో పెట్టేశాను. బాక్సులను వట్టి బండల మీద, మంచం కోళ్ళకు ఆనించి పెట్టాను. ఇలాంటి పని ఎవరైనా చేస్తే కొట్టేంత కోపం నాకు. ఆ రోజు నేనే చేశాను.

ముందు రాయి వచ్చింది. బండల్లోంచి, కోళ్ళలోంచి, మంచం పట్టీల్లోంచి వచ్చింది. గోడవైపున్న తల మెల్లగా ఇటు తిరిగింది. ఎడమచెయ్యి దుప్పటి మీద దేనికోసమో తడుముకుంటోంది. ప్రవళిక తన వేళ్ళను ఆ చేతికి అందించింది. ఎడమ బాక్సులో అండాలు పిండి ఎవరిపాలని అడిగింది. పక్కనే కూర్చున్న అండాలు పెదవులు బిగబట్టుకుంది. రాయి ఒక చుట్టు తిరిగింది. కుడి బాక్సులోంచి భిక్షమ్మ జవాబు చెప్పింది. మంచం మీది భిక్షమ్మ కూడా చెప్పింది, సగం మాటలే, సగం ఊపిరే, కానీ లయ తప్పకుండా.

మా నాయన ఉంటే సౌండు పెంచమనేవాడు. నాకు పరికరం ముట్టుకోవడానికి చెయ్యి రాలేదు. వాళ్ళిద్దరూ, కాదు, మంచం మీది గొంతుతో కలిపి ముగ్గురూ పాడుతుంటే విన్నాను.

కృష్ణకాంత్ ఆ రోజు మధ్యలోనే ఆపించాడు కాబట్టి పాట మధ్యలోనే తెగింది. చప్పుడు ఆగిపోయింది. గది బావురుమంది. ప్రవళిక భయంగా వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది.

భిక్షమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. పెదవులు రెండు మూడుసార్లు వృథాగా కదిలాయి. నాలుకతో కుస్తీపట్టి, పాట కాదు, మాటే తెచ్చింది.

"అక్కా... ఆగినవేందే? తిప్పు."

అండాలు నా వైపు తిరిగి, రాయి తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపింది. నేను పాటను మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.