బెత్తెడు మడత

మానస వాళ్ల నాయిన గద్వాలలో చీరలు నేస్తాడు. నూలు చీరకు పట్టంచు కలిపాడంటే అతుకు ఎక్కడుందో నేసినవాడికే తెలియాలి. అయితేనేం, ఆ ఇంట్లో ఒక్క ఆడమనిషీ ఆ చీర కట్టింది లేదు. నాలుగో తరగతి మానసకైతే ఏడాది పొడుగునా సర్కారు బళ్లో ఇచ్చే రెండు జతలే బట్టలు.

అందుకే కొలతలు తీసే రోజు పొద్దున్నే అవ్వ సాయమ్మ ఉపాయం చెప్పింది.

"మునివేళ్ల మీద నిలబడు బిడ్డా. జర ఊపిరి గుంజి పట్టు. పెద్దగ కుడితే రెండేండ్లొస్తయి. ఈ ముచ్చట ఎవ్వరికి చెప్పకు."

బడి వరండాలో మహిళా సంఘం వసంత టేపు పట్టుకొని కూర్చుంది. సర్కారు ఇచ్చిన గుడ్డను కుట్టేది ఆమే. తన వంతు రాగానే మానస మడమలు లేపి, బుగ్గలు పూరించి, పొంగిన పూరీలా నిలబడింది. టేపు భుజం నుంచి మోకాలి దాకా జారింది. వసంత మాత్రం ఏమీ రాసుకోలేదు.

"మడమలు దించు తల్లీ. కింద బెత్తెడు గుడ్డ లోపటికి మడిచి కుడత. నువ్వు పెరిగినప్పుడు విప్పుకుందువు."

పట్టుబడిన మానస ఊపిరి వదిలేసింది. "నీకెట్ల తెల్సిందక్కా?"

"మాది గూడ మగ్గమిల్లే. మా అవ్వ గూడ నాకు గిదే చెప్పి పంపేది," అంటూ వసంత నవ్వి, గడ్డంతో వెనక్కి చూపించింది.

మానస తిరిగి చూసింది. మగ్గాల వీధి పిల్లల వరుస వరుసంతా, కొసనున్న ఒకటో తరగతి బుడ్డోడితో సహా, ఊపిరి బిగబట్టి మునివేళ్ల మీద నిలబడి ఉంది.