దోమ వాలిన దవడ

ఆ మధ్యాహ్నం సోమమ్మ కొట్టింది దోమనే. ఆ మాట ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. చెప్పిన కొద్దీ ఆమెకే అనుమానం పెరిగింది.

వాళ్లది మర్రిగూడ మండలంలో ఓ చిన్న ఊరు. మొగుడు పర్వతాలు ఆటో నడుపుతాడు. ఆ రోజు పొద్దున ఇద్దరికీ పెద్ద లొల్లయింది. సోమమ్మ సాకిన పెయ్యదూడను ఆమెను ఒక్క మాటైనా అడగకుండా అతను చెల్లెలింటికి తోలిచ్చాడు. అన్నం తిన్నాక అతను అరుగు మీద మంచంలో ఒరిగాడు. పక్కనే కూర్చుని ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. అతని ఎడమ చెంప మీద దోమ వాలింది. సోమమ్మ చెయ్యి లేచింది, టప్పున పడింది.

ఆ చప్పుడు వెనకాలే ఇంకో చప్పుడు వినబడింది, ఎండిన కందికట్టె విరిగినట్టు.

పర్వతాలు దిగ్గున లేచి కూర్చున్నాడు. నోట్లోంచి నెత్తురు కారుతోంది. కింది పళ్లు పై పళ్లకు కలవడం లేదు, దవడ ఒక పక్కకు జారింది. ఏదో అనబోయాడు, మాట రాలేదు. పెండ్లాం మొహంలోకి చూశాడు. ఆ చూపు కోపమో ఆశ్చర్యమో ఆమెకు తెలియలేదు.

లోపలి నుంచి వచ్చిన అత్త రామమ్మ నెత్తి కొట్టుకుంది. "ఓ నా కొడుకా! దూడ కోసం మొగని మూతి పలగ్గొడ్తవానే?"

"దోమను కొట్టిన అత్తా! గిట్ల, గింతే!" అని సోమమ్మ తన చెంప మీద తానే కొట్టుకుని చూపించింది. ఆమె చెంపకేమీ కాలేదు. వాకిట్లో చేరినవాళ్లు మాత్రం ఆమె చేతినే చూశారు. కట్టెలు కొట్టి, పత్తి ఏరి గట్టిపడిన చెయ్యి.

నల్లగొండ పెద్ద దవాఖానలో దెబ్బలతో వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే కానిస్టేబుల్ అడిగాడు. "ఎవలు కొట్టిర్రమ్మా?"

"నేనే సారూ. దోమను."

"దోమను కొడ్తే దవడ ఇరుగుతదా?" అంటూ అతను పర్వతాలు వైపు తిరిగాడు. పర్వతాలు ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చెయ్యి సోమమ్మ వైపు చూపించి, గాల్లో చెంపదెబ్బ కొట్టినట్టు ఊపాడు. అందులో అబద్ధమేమీ లేదు. దోమ మాత్రం లేదు.

సోమమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చుండిపోయింది. పొద్దున దూడ పోతుంటే కడుపు రగిలిన మాట నిజమే. ఆ మంట చేతిలోకి దిగిందా? ముందు దోమను చూసిందా, ముందు చెయ్యి లేచిందా? ఎంత గుర్తు చేసుకున్నా ఒకసారి దోమ ముందొచ్చేది, ఇంకోసారి చెయ్యి.

మర్నాడు పళ్ల డాక్టరు ప్రణీత ఆమెను లోపలికి పిలిచి ఎక్స్‌రే చూపించింది. "ఈ పక్క ఎముక తెల్లగా ఉంది కదమ్మా. ఈ పక్క చూడు."

ఆ పక్కంతా నల్లగా, సబ్బు నురగలో బుడగల్లా ఉంది.

"లోపల గడ్డ పెరిగి ఎముకను తినేసింది. పైన గుడ్డు పెంకంత మందమే మిగిలింది. నువ్వు కొట్టకపోతే గట్టి రొట్టె నమిలినప్పుడైనా విరిగేది. చెంప ఉబ్బింది కదా, ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదా?"

"మా దిక్కు అందరి పండ్లు గట్లనే ఉంటయి మేడం. నల్లా నీళ్లు రాకముందు బోరు నీళ్లు తాగినోళ్లం. ఫ్లోరైడే అనుకున్నం."

"ఇది నీళ్లతో వచ్చేది కాదు. పళ్లు పుట్టించే కణాల్లోంచి లేచే గడ్డ. చాలా అరుదుగా వస్తుంది. ముక్క తీసి పరీక్షకు పంపుతాం."

పరీక్ష ఫలితం వచ్చింది. క్యాన్సర్ కాదంది డాక్టరు. సోమమ్మ రెండు చేతులూ జోడించింది. కానీ ఆ పక్క దవడ కోసి తీసెయ్యాలంది డాక్టరు. జోడించిన చేతులు అట్లాగే ఉండిపోయాయి.

"క్యాన్సర్ కాకపోతే కోసుడెందుకు మేడం?"

"వదిలేస్తే ఇంకా పెరుగుతుంది. గోకి తీస్తే మళ్లీ వస్తుంది. ఆ జాగాలో కాలి ఎముక ముక్క తెచ్చి అమరుస్తారు. దానికి హైదరాబాద్ పోవాలి."

"దోమను కొడ్తే కాలు కోస్తరా?" ఆమె ఏడుపు గొంతుతో అడిగింది. "మల్ల నడుసుడెట్ల?"

మోకాలి కింద రెండు ఎముకలుంటాయని, అందులో సన్నదాన్ని కొంత తీసినా నడవొచ్చని డాక్టరు ఓపికగా చెప్పింది. విడివిడిగా వింటే ప్రతి మాటా అర్థమైంది. కలిపి చూసుకుంటే ఏదీ అర్థం కాలేదు.

గడ్డ సంగతి తెలిశాక ఊళ్లో రామమ్మ మాట ఒక్కసారిగా మారిపోయింది. "నా కోడలిది ఉత్త చెయ్యి కాదు. లోపలి గడ్డ బయటపడాలని ఎల్లమ్మ తల్లే కొట్టిచ్చింది" అని గల్లీగల్లీ చెప్పుకుంది. నిన్న తిట్టినవాళ్లే ఇవాళ సోమమ్మ చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకున్నారు. తిట్టినప్పుడు ఆమె ఏడ్చింది, ఏడవడం తేలికే. మొక్కినప్పుడు ఏం చెయ్యాలో తోచలేదు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా సాగింది. ముక్కులోంచి వేసిన గొట్టం తీసి, నోటితో జావ తాగనిచ్చాక పర్వతాలుకు మెల్లగా మాటలొచ్చాయి, ముద్దముద్దగా.

"పండ్లు కదులుతుంటే నీకు తెల్వలేదా?" అడిగింది సోమమ్మ.

"యాడాది సంది తెలుసు. చెప్తే దవాఖానకు నడువుమంటవని చెప్పలే."

ఆమెకు ఒళ్లు మండింది. అయినా అసలు ప్రశ్న అడిగింది. "నేను కొట్టినప్పుడు ఏమనుకున్నవ్?"

"దూడ కోసం కొట్టినవనుకున్న. తప్పు నాదే గదా అనుకున్న."

"దోమయ్యా! నీ చెంప మీద దోమ!"

"ఉన్నదంటున్నవ్ గదా. ఉండె కావచ్చు."

అతను నవ్వాడు. కింది పెదవి సగం మొద్దుబారడంతో నవ్వు ఒక పక్కనే లేచింది. అది నమ్మిన నవ్వో, ఎకసెక్కపు నవ్వో ఆమె తేల్చుకోలేకపోయింది. ఇంకో చెంచా జావ నోటికందించింది.

కొన్నాళ్లకు అతను మళ్లీ ఆటో ఎక్కాడు. కొంచెం కుంటుతాడు, మొహం కొంచెం వంకర. ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు.

ఒక రోజు పక్కూరి నుంచి యాస్మిన్ అనే ఆమె తన మొగుణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. అతని దవడ వాచి ఉంది. "అక్కా, నీ చెయ్యి మంచిదంటగా. మా ఆయన్ను జర ఒక్కటి కొట్టి చూడు." అతను భయం భయంగా చెంప ముందుకు పెట్టాడు.

సోమమ్మ రెండు చేతులూ చంకల్లో దాచుకుంది. "నా చెయ్యి కాదు చెల్లె, దవాఖానల ఎక్స్‌రే ఫొటో తీపియ్యాలె. ఆటో ఎక్కుర్రి" అని వాళ్లను పర్వతాలుతో నల్లగొండకు పంపింది. యాస్మిన్ మొగుడికి జ్ఞానదంతం అడ్డంగా మొలిచిందంతే. అది తీసి మందులిచ్చి పంపారు.

తిరిగొచ్చి యాస్మిన్ ఊరంతా చెప్పింది, సోమమ్మ చెయ్యి తగిలించకుండానే రోగం కనిపెట్టేసిందని. కాదు, నాకేం తెల్వదు అని సోమమ్మ మొత్తుకుంది. అంత పెద్ద మనసుంటే గానీ అట్లా అనలేరని ఊరివాళ్లన్నారు.