మాస్టారి చూపు, పిన్ని క్లిప్పు

“పిన్నీ! మాస్టారి మెడకి చెప్పు వెయ్యాలట, తొందరగా రా!”

మేకప్ గదిలో రెండు హెయిర్ డ్రైయర్లు ఒకదాన్ని చూసి ఒకటి గర్జిస్తున్నాయి. ఆ హోరులో, స్టూడియోలో జుట్టు పని చూసే జడలమ్మ గుమ్మంలోంచి వేసిన కేక పిన్ని చెవికి అలా చేరింది. పిన్ని నోట్లోని నాలుగు గుండుసూదులూ తీసి, మణికట్టుకి కట్టుకున్న దూది దిండులో గుచ్చింది.

“ఎవరు వెయ్యమన్నారు?”

“డైరెక్టరమ్మే! కెమెరాలు కూడా పెట్టేసుకుని కూర్చుంది!”

పదకొండేళ్లుగా ఆ మెడకి చెప్పు వెయ్యాలని పిన్నికి మహా ముచ్చటగా ఉంది. ముచ్చట తీరకపోగా ముసలితనం దగ్గర పడుతోంది. ఇప్పుడు ఒకరు వెయ్యమనడమూ, కెమెరాలు సాక్షిగా ఉండటమూనా! మరో మాట అడగలేదు. ఎడమకాలి చెప్పు విప్పి చేత్తో పట్టుకుని, ఒక అడుగు టక్కుమని, ఒక అడుగు తుస్సుమని షూటింగు హాల్లోకి నడిచింది.

హాల్లో మాటలు ఆగిపోయాయి. ఎత్తు స్టూలు మీద, ఫొటోలు తీసే మాస్టారు కూర్చుని ఉన్నాడు. పక్కన సౌండు మనిషి చిక్కుడు గింజంత మైకు పట్టుకుని తంటాలు పడుతున్నాడు.

“పట్టుచొక్కా కదండీ, మైకు జారిపోతోంది. క్లిప్పు వెయ్యాలంటే మీరే వెయ్యాలట,” అన్నాడతను, కళ్లు మాత్రం చెప్పు మీదే ఉంచి.

“చేతిలో అదేంటి పిన్నీ?” అన్నాడు మాస్టారు.

“పట్టీ తెగింది మాస్టారూ.”

పిన్ని ముచ్చటనీ చెప్పునీ కింద పడేసి క్లిప్పు తీసింది. మైకు మెడ దగ్గర బిగిస్తుంటే ఆయన నోట్లోని పుదీనా బిళ్ల వాసనా, దాని వెనక దాక్కున్న కుళ్లు వాసనా కలిసి ముక్కుకి తగిలాయి. ఊపిరి బిగబట్టింది. పదకొండేళ్లలో ఆమె బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

ఆమెని అందరూ పిన్ని అనడానికి కారణం చుట్టరికం కాదు, పిన్నులు. ఫ్యాషన్ ఫొటోల్లో బట్టలు అమ్మాయిల ఒంటికి అతికినట్టు ఉంటాయి చూశారా? అతకవు. వెనక నుంచి పది పన్నెండు ఉక్కు క్లిప్పులతో బిగించి పట్టిస్తారు. ముందు మహారాణి, వెనక బట్టలారేసిన దండెం. ఆ వెనకవైపు పిన్నిది. ముందువైపు మాస్టారిది, పేరూ ఆయనదే.

మాస్టారి పేరంటే మామూలు పేరు కాదు. కోసిన మేకల మధ్య పట్టు గౌను పిల్లని నిలబెట్టినవాడు. బురద గుంటలో ముత్యాల హారాన్ని, మెడతో సహా ముంచినవాడు. జనం ఛీ అన్నకొద్దీ పత్రికలు ఆహా అన్నాయి. పిన్ని మాత్రం ఆయన్ని మనసులో ఫొటోగ్రాఫర్ అనేది కాదు, ఫొటోగ్రహం అనేది. ఆయన చేసేది ఫ్యాషనూ కాదు, పాషాణం. అన్నిట్లోకీ గొప్పగా చెప్పుకునేది ‘ఆ చూపు’. ఆయన ఫొటోల్లో ప్రతి అమ్మాయి కళ్లలోనూ ఒకటే చూపు: పెద్దవైన కళ్లు, విడీవిడని పెదాలు, ఊపిరి మధ్యలో తెగిన ముఖం. ఆ చూపు మీదే ఇప్పుడు డాక్యుమెంటరీ. డైరెక్టరమ్మ మూడు రోజులుగా ఆయన వెంట తిరిగి తుమ్మినా తీసింది, దగ్గినా తీసింది.

“ఆ చూపుని ఎలా పట్టుకుంటారు సార్?” అని అడిగింది డైరెక్టరమ్మ.

“నేను పట్టుకోను. పిలుస్తాను. ప్రతి ఆడపిల్ల లోపలా ఒక భయం నిద్రపోతుంటుంది. దాన్ని నేను లేపుతాను. నా కెమెరా అబద్ధం ఆడదు.”

ఆయన భయాన్ని పిలిచే పిలుపేమిటో, ఆయన కాక ఈ లోకంలో పిన్నికొక్కదానికే తెలుసు. ఎడమకాలి బూటుతో నేల మీద రెండుసార్లు టక్ టక్. అంతే. ఆ సైగకి, పిల్ల వెనక గొంతుక్కూర్చున్న పిన్ని, అన్నిటికంటే కింది క్లిప్పు బట్ట మీంచి తీసి ఒంటి మీద వెయ్యాలి. ఉక్కు పళ్లు మాంసంలో దిగుతాయి. పిల్ల ఊపిరి తెగుతుంది. కెమెరా క్లిక్కుమంటుంది. మొదటిసారి, “బట్ట లూజుగా ఉంది, ఇంకా లోపలికి పట్టు,” అన్నాడు. పొరపాటున పట్టాననుకుంది. రెండోసారి పొరపాటని అనుకోవడానికి ప్రయత్నించింది. మూడోసారికి అది ఉద్యోగమైపోయింది.

రెండేళ్ల కింద ఆ క్లిప్పు ముందుకి అక్క కూతురు వచ్చింది. ఊరందరికీ ఆమె పిన్నుల వల్ల పిన్ని, ఆ పిల్లకి మాత్రం రక్తం వల్ల పిన్ని. ఆ రోజు పిన్నూ రక్తమూ ఒకచోటే కలిశాయి. “ఏమైంది పిన్నీ?” అని పిల్ల ఏడిస్తే, “క్లిప్పు జారిందమ్మా,” అంది. ఆ ఫొటోయే ఇప్పుడు మాస్టారి వెనక గోడ మీద ఏడడుగుల ఎత్తున ఉంది. పిల్ల మళ్లీ కెమెరా ముందుకి రాలేదు. మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తోంది.

ఆ పిల్లనే డైరెక్టరమ్మ ఇవాళ పిలిపించింది. పొద్దుట్నించీ ఈ హాల్లోనే, గోడ మీది తన ముఖానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చుని ఉంది.

“ఆ ఫొటో మీ జీవితాన్ని మార్చిందా?”

“మార్చిందండీ.” పిల్ల చేతులు ఒళ్లో నలుపుకుంది. “నాలో అంత భయం ఉందని నాకే తెలీదు. చిన్నప్పట్నించీ నవ్వుతూనే ఉండేదాన్ని. సారే కనిపెట్టారు. అప్పట్నించీ అద్దంలో చూసుకుంటే అదే కనిపిస్తుంది. గుర్తింపు కార్డుకి ఫొటో దిగమన్నా వెళ్లలేకపోయాను. నాలో చెడిపోయిందేదో ఉంది. మళ్లీ బయటికొస్తుందేమోనని…”

“చూశారా?” అన్నాడు మాస్టారు సంబరంగా. “నేను తీసింది ఫొటో కాదు, ఎక్స్‌రే!”

తప్పు చేశానని పిన్నికి పదకొండేళ్లుగా తెలుసు. కానీ పిల్ల ఒంటి మీది గాటు వారానికి మానిందిగా అని సర్దుకుంది. అది మానలేదు. లోపలికి పోయి, పిల్ల సొంత ఆస్తిలా కూర్చుంది.

“ఇప్పుడు మీ పని చేసి చూపించండి సార్,” అంది డైరెక్టరమ్మ.

తెర ముందు కొత్త పిల్లని నిలబెట్టారు. పిన్ని అలవాటుగా వెనక గొంతుక్కూర్చుంది. లైట్లు వెలిగాయి. టక్ టక్.

పిన్ని కదల్లేదు.

మళ్లీ టక్ టక్. కొత్త పిల్ల ముక్కు దురద పెట్టి గోక్కుంది.

“పిన్నీ! బట్ట లూజుగా ఉంది!”

“బానే ఉంది మాస్టారూ.”

“నేను లూజంటే లూజు! పట్టు!” మెడ దగ్గరి మైకు ఆ అరుపుని పూర్తిగా మింగింది. సౌండు మనిషి చెవులు పట్టుకున్నాడు.

పిన్ని లేచి నిలబడింది. మాస్టారి ఫొటోల్లోకి పదకొండేళ్లలో ఆమె తల రావడం అదే మొదలు. నడిచివచ్చి ఆయన వెనక్కి చేరింది.

“మైకు వంకరపోయింది మాస్టారూ, ఒక్క నిమిషం. అమ్మా డైరెక్టరమ్మా, కెమెరా ఈయన ముఖం మీదే ఉందా?”

“ఉందండీ.”

పిన్ని ఎడమకాలు రెండుసార్లు నేల మీద తాటించి, చేతిలోని క్లిప్పుతో పట్టుచొక్కానీ, దాని కింద నడుం మీది కండనీ కలిపి పట్టింది.

మాస్టారి కళ్లు పెద్దవయ్యాయి. పెదాలు విడీవిడకుండా ఆగిపోయాయి. ఊపిరి మధ్యలో తెగింది. ఆయన వెనక, ఏడడుగుల ఎత్తున, అదే చూపు. అచ్చుగుద్దినట్టు అదే. కెమెరామన్ ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగి రెండు ముఖాలనీ ఒకే ఫ్రేములోకి తెచ్చుకున్నాడు.

“ఈయన లోపల నిద్రపోతున్న భయాన్ని లేపానండీ,” అంది పిన్ని.

“తీసెయ్! ఇదంతా తీసెయ్!” మాస్టారు వెనక్కి చేతులు పెట్టి క్లిప్పుని వెతుక్కుంటూ గుండ్రంగా తిరిగాడు. అందలేదు. అలాగే దాన్ని వేలాడేసుకుని ఆఫీసు గదిలోకి పోయి తలుపు విసిరాడు. మైకు ఆయనతోనే పోయింది.

“ఇంకా తిడుతున్నారు,” అన్నాడు సౌండు మనిషి. “చాలా స్పష్టంగా వస్తోందండీ.”

జడలమ్మ నవ్వింది. కొత్త పిల్ల నవ్వింది. అక్క కూతురు నవ్వలేదు. లేచి, మొదటిసారి వెనక్కి తిరిగి, గోడ మీది తన ముఖాన్ని చూసింది. చెయ్యి దానంతటదే నడుం మీదికి, వెన్నుకి పక్కగా వెళ్లింది.

“ఇక్కడేగా?”

“అక్కడేనమ్మా. నీలో ఏమీ చెడిపోలేదు. అది నీ భయం కాదు, నా క్లిప్పు. ఆయన కాలు తాటిస్తే నేను కరిపించాను. నీకే కాదు, ఎంతమందికో. సొంత పిల్లవి నీ దగ్గరైనా నా చెయ్యి ఆగలేదు.”

పిల్ల ఆమెనే చూస్తోంది. కుళ్లిన పండు కొరికి, ఎక్కడ ఉమ్మాలో తెలియనివాళ్ల ముఖం. పిన్ని దగ్గరికి రాబోతే కుర్చీ చప్పుడుగా వెనక్కి జరిపింది. జరిపిన కుర్చీ కాలు కింద మెత్తగా ఏదో తగిలింది. వంగి తీసింది. పిన్ని చెప్పు. అటూ ఇటూ తిప్పి, పట్టీ పట్టుకుని గట్టిగా లాగి చూసింది.

“పట్టీ తెగలేదు. ఆ రోజు క్లిప్పూ జారలేదు. ఇంకా అబద్ధాలేమైనా ఉన్నాయా పిన్నీ?”

ఇంత జరిగినా పిన్నీ అనే అంది. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడ గుచ్చుకుంది.

“ఇదొక్కటే మిగిలిందమ్మా,” అని పిన్ని హాలంతటికీ తిరిగి, గొంతు సర్దుకుంది. “అందరూ వినండి. డ్రైయర్ల మోతలో జడలమ్మ ‘క్లిప్పు వెయ్యాలి’ అంటే నాకు ‘చెప్పు వెయ్యాలి’ అని వినబడింది. మాస్టారి మెడకి వేద్దామనే పట్టుకొచ్చాను. పట్టీ తెగిందన్నది అబద్ధం.”

“అయ్యో, నేను క్లిప్పనే కదా పిన్నీ అన్నాను!” అంది జడలమ్మ.

“నువ్వు సరిగ్గానే అన్నావు. నాకే తప్పుగా వినబడింది. ఏ మెడకి వెయ్యాలో, అందులో కూడా పొరబడ్డాను,” అని పిన్ని, పిల్ల చేతిలోని చెప్పు ముందు తన మెడ వంచి నిలబడింది.