ఒకే నంబరు మీద రెండు చార్జర్లు

ఆ ఆగస్టులో మా ఆయన హాలిస్ ఇంటిముందు పచ్చికను వారంలో మూడుసార్లు కోశాడు. కోయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. యంత్రం తోసుకుంటూ గరాజు దాకా వెళ్లేవాడు, తలుపు దగ్గర ఆగి లోపలికి చూసేవాడు, మళ్లీ మొదలుపెట్టేవాడు. లోపల ఉన్నది వాళ్లన్న రాయిస్ కారు.

రాయిస్ 1969లో ఇరుసుల ఫ్యాక్టరీలో ఏడాది పాటు ఓవర్‌టైము చేసి కొన్న డాజ్ చార్జర్ అది. ముదురాకుపచ్చ రంగు, ఊరి చివర మలుపు తిరుగుతుంటే ఇళ్లలో కాఫీ కప్పులు గలగలలాడించే ఇంజను. రెండేళ్లు నడిపాడో లేదో, ట్రాక్టరు బోల్తాపడి పోయాడు. మా అత్తగారు దాన్ని గాదెలో పెట్టి తాళం వేసింది. ఇరవై ఐదేళ్లు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఆవిడ మెత్తబడ్డాక, 1996లో, హాలిస్ దాన్ని తన బడి స్నేహితుడు వెర్న్ హఫ్‌మన్ షెడ్డుకి లాగించాడు. కార్ల బాడీ పనిలో మా జిల్లాలో వెర్న్‌ను మించినవాడు లేడు. రెండేళ్లు పట్టింది. తిరిగొచ్చిన రోజున మా అత్తగారు ముందు సీట్లో కూర్చుని స్టీరింగు తుడుస్తూ చాలాసేపు ఏడ్చింది.

ఆ కారుని అమ్మాలనుకున్నది నా వల్లే. నా తుంటి ఎముక అరిగిపోయింది, మెట్లెక్కలేను. మెట్లు లేని చిన్న ఇల్లు ఒకటి చూసుకున్నాం. కెంటకీ నుంచి ఒకాయన ఫోటోలు చూసి ఎనభై ఐదు వేల డాలర్లకు ఒప్పుకున్నాడు. అంత ధర ఎందుకంటే, ఇంజను, గేర్‌బాక్సు, బాడీ అన్నీ ఫ్యాక్టరీలో ఒకే రోజు కలిసి పుట్టినవి, అన్నిటి మీదా ఒకే నంబరు. నెలాఖరు శనివారం ట్రక్కు తెచ్చుకుని వస్తానన్నాడు.

దానికి రెండు వారాల ముందు జిల్లా మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరిగింది. వీడ్కోలుగా ఒక్కసారి నిలబెడదామని హాలిస్ చార్జర్‌ని తీసుకెళ్లాడు. మధ్యాహ్నం నలభై ఏళ్ల మనిషి ఒకతె వచ్చింది. చేతుల నిండా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు. పేరు నదీన్ ష్రోయర్ అని చెప్పింది.

"వెంగర్ గారు మీరేనా? పాత కార్ల క్లబ్బు రిజిస్టరులో మీ కారు ఫ్యాక్టరీ నంబరు చూసి వచ్చాను," అంటూ హాలిస్‌కి ఫోన్లో ఒక ఫోటో చూపించింది. తుప్పు గీకిన ఇనుప గట్టు, దాని మీద గుద్దిన అంకెలు. హాలిస్ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. అవి మా కారు అంకెలే.

"ఎక్కడిది ఇది?"

"నాది. మూతపడ్డ తుక్కు యార్డులో ఇంజనూ సీట్లూ లేని ఉత్త గుల్ల కొన్నాను. డిక్కీ అంచునున్న గట్టు మీదా, రేడియేటర్‌ని పట్టుకునే పట్టీ మీదా ఇదే నంబరుంది."

"ఎవరో దొంగ నంబరు గుద్ది నీకు అంటగట్టారమ్మా."

"తుప్పు కింద ఉన్నాయి సార్ ఆ అంకెలు. నేనే గీకి బయటికి తీశాను." ఆమె గొంతు పెంచలేదు. "గొడవకి రాలేదు నేను. ఆరేళ్లుగా దాని మీద పనిచేస్తున్నాను. ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఇమ్మంటే, ఆ నంబరు ఇంకొకరి పేరు మీదుంది, నీది దొంగ బండేమో అంటున్నారు. మీ కారు గట్టు మీద ఏముందో ఒక్కసారి చూసి నాకు చెప్పండి చాలు."

"చూడక్కర్లేదు," అని హాలిస్ కుర్చీ మడిచేశాడు. బహుమతులు ప్రకటించక ముందే ఇంటికొచ్చేశాం.

ఇంటికి రాగానే చూశాడు. డిక్కీ అంచుకున్న రబ్బరు పట్టీ ఊడదీసి, రంగు కరిగించే మందు రాశాడు. టార్చి పట్టుకున్నది నేనే. ఆకుపచ్చ రంగు పొరలుపొరలుగా లేచింది. దాని కింద అంకెలు లేవు. అడ్డదిడ్డంగా గ్రైండరు గీతలున్నాయి.

చేతులు కూడా కడుక్కోకుండా కారు తాళాలందుకున్నాడు. ఆ మనిషిని ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనే బండి నడిపాను.

వెర్న్ షెడ్డు మూసేసి అప్పటికి నాలుగేళ్లు. పెరట్లో టమాటా మొక్కలకు కర్రలు కడుతున్నాడు.

"ఒరేయ్ వెర్న్, డిక్కీ గట్టు మీద నంబరేదిరా?"

వెర్న్ కడుతున్న ముడి పూర్తిచేశాడు. "కూర్చో."

"కూర్చోను."

"సరే, నిలబడే విను. మీ గాదెది మట్టినేల. కింది నుంచి తేమ తినేసింది. జాకీ పెట్టి తిప్పితే జాకీ లోపలికొచ్చింది, కారు మాత్రం లేవలేదు. దాన్ని బాగుచెయ్యడం నా వల్ల కాదు, ఎవడి వల్లా కాదనుకున్నా. న్యూ మెక్సికో నుంచి ఇంకో చార్జర్ గుల్ల తెప్పించా. చిన్న ఇంజను మోడల్ది, తుప్పు చుక్క లేదు. మీ అన్న ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు, ఫ్యాక్టరీ నంబరు చెక్కిన చిన్న ప్లేటుతో సహా డాష్‌బోర్డు, అన్నీ అందులోకి ఎక్కించా. ఆ గుల్ల నంబరు గీకేశా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే ప్రతి శనివారం అనుకున్నా. నువ్వు డోనట్ల పెట్టె పట్టుకొచ్చేవాడివి. ఆ టాపు మీద చెయ్యేసి నిలబడి మీ అన్న కబుర్లు చెప్పేవాడివి. ఏ నోటితో చెప్పమంటావు?" ఇంకో కర్ర చేతిలోకి తీసుకుని, "టాపు మారాక కూడా అలాగే చెయ్యేశావు. తేడా తెలిసిందా నీకు?" అన్నాడు.

హాలిస్ మొహం ఎర్రబడింది. కొడతాడేమోనని నేను మధ్యలోకి జరిగాను. కొట్టలేదు. "పాతది ఇప్పుడొకామె దగ్గరుంది. దాన్నేం చేశావు?" అని మాత్రం అడిగాడు.

"తుక్కువాడికిచ్చా. నలిపేస్తానన్నాడు. నలపలేదన్నమాట." వెర్న్ మళ్లీ మొక్కల వైపు తిరిగాడు. "కెంటకీవాడికేం తెలియదు. నా పని ఎవడూ పట్టుకోలేడు. నోరు మూసుకుని డబ్బు తీసుకో. ట్రూడీ తుంటి సంగతైనా చూడు."

"నా తుంటిని ఇందులోకి లాగకు, వెర్న్," అన్నాను.

తర్వాతి నాలుగు రోజులూ మా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. హాలిస్ గరాజులో మేకుల డబ్బాలన్నీ ఒలకబోసి సైజుల వారీగా వేరుచేశాడు. భోజనం సగంలో లేచి వెళ్లి చార్జర్ తలుపు తీసి వేసేవాడు, ఆ చప్పుడు వినేవాడు. "ఈ తలుపు రాయిస్‌దేనా?" అని నన్నడిగాడు ఒకసారి. నాకేం తెలుసు? గురువారం పొద్దున్న కాఫీ తాగుతూ, "పద, ఆ పిల్ల దగ్గరికి," అన్నాడు.

నదీన్ ధాన్యం గిడ్డంగుల్లో వెల్డింగు పనిచేస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఇనుప చట్రం మీద ఆ గుల్ల ఉంది. రంగుకి ముందు వేసే బూడిదరంగు ప్రైమరు పూసి ఉంది. ఇంజను లేదు, సీట్లు లేవు, అద్దాలు లేవు. హాలిస్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. నదీన్ లైటు పట్టుకుని వెంట నడిచింది.

వెనక అద్దం కింది అరుగు దగ్గర ఆగాడు. అందులో స్పీకర్ల కోసం కోసిన రెండు కన్నాలున్నాయి. ఒకటి గుండ్రంగా ఉంది, రెండోది కోడిగుడ్డులా ఉంది.

"ఆ వంకర కన్నం ఎలా మూయాలా అని చూస్తున్నా," అంది నదీన్. "ఎవడో చేతకానివాడు కోశాడు."

"మా అన్న."

"అయ్యో, తెలియక అన్నాను."

"చేతకానివాడే. రేకు కత్తెరతో కోశాడు. లైటు సరిగా పట్టలేదని నన్ను తిట్టాడు." వేలు ఆ అంచు వెంట తిప్పాడు. తర్వాత ఆమె వైపు చూడకుండా, "ఎంతకిస్తావు?" అన్నాడు.

"ఇవ్వను సార్. ఇది అమ్మడానికి చేసింది కాదు."

"ఎంతైనా సరే."

"నా ఆరేళ్ల ఆదివారాలున్నాయి ఇందులో. మీరు మీది ఇస్తారా?"

హాలిస్ అరుగు మీంచి చెయ్యి తీశాడు. "ఇందులో పాతదెంత?" అని అడిగాడు.

నదీన్ లైటు తిప్పుతూ చూపించింది. నేల రేకు కొత్తది. కింది దూలాలు కొత్తవి. వెనక రెక్కలు కొత్తవి. ముందు రెక్కలూ, బానెట్టూ, తలుపులూ ఇంకో కారువి. పాతవి మిగిలినవి టాపు, ఇంజనుకి సీట్లకి మధ్య గోడ, రేడియేటర్ పట్టీ, డిక్కీ గట్టు, ఈ అరుగు.

"అయితే ఇదీ సగమేనన్నమాట," అన్నాడు హాలిస్. నవ్వాడు కానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

వెర్న్ చేసిన పని హాలిస్ ఆమెకు చెప్పాడు. అదంతా అతను కాగితం మీద రాసి సంతకం పెడితే, రాష్ట్ర పోలీసు తనిఖీ కేంద్రం తన బండికి కొత్త నంబరిస్తుందని నదీన్ చెప్పింది. "కానీ అప్పుడు మీ బండినీ చూస్తారు. మీ ప్లేటు తీసేసినా తీసేస్తారు. అది దాచి మీ సంతకం అడగలేను," అంది.

తిరుగు దారిలో మొక్కజొన్న చేల మధ్య పది మైళ్లు వచ్చాం. "నువ్వేమంటావు?" అన్నాడు హాలిస్.

ఆ మెట్లు లేని ఇల్లు నా కళ్లలో మెదిలింది. స్నానాల గదికి వెడల్పు తలుపు, వెనక చిన్న వరండా. "నెలాఖరు శనివారం కెంటకీ ఆయన కారు తీసుకెళ్లాక సంతకం పెట్టొచ్చు కదా," అన్నాను.

అతను నా వైపు తిరిగి చూశాడు. కోపంగా కాదు, దారి తప్పినవాడు చూసినట్టు చూశాడు. నాకు సిగ్గేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు. నా నొప్పి నాది.

మర్నాడు పొద్దున్నే కెంటకీకి ఫోన్ చేశాడు. నేను వంటగదిలోంచి విన్నాను. దాచకుండా మొత్తం చెప్పాడు. అవతలి ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "కారు బాగాలేదని కాదు వెంగర్ గారూ. మీదానికన్నా బాగున్నవి ఇందులో సగం ధరకు దొరుకుతాయి. నేను కొనేది పుట్టుకని. అది లేనప్పుడు నాకెందుకు?" అన్నాడట. ఫోన్ పెట్టేసి హాలిస్ నా దగ్గరికొచ్చి, "నీ ఇల్లు పోగొట్టాను," అన్నాడు. "కాగితం రాయి ముందు," అన్నాను. ఇంకేమన్నా ఏడుపొచ్చేది.

సెప్టెంబరులో తనిఖీకి పిలిచారు. నదీన్ తన గుల్లను ట్రెయిలరు మీద తెచ్చింది. వెర్న్ వస్తాడనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో తన సంతకం పెట్టిన కాగితంతో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. హాలిస్ అతన్ని దాటుకుంటూ లోపలికెళ్లాడు.

అధికారి చిన్నవయసు అమ్మాయి. రెండు బళ్లూ చూసింది, ముగ్గురి కాగితాలూ చదివింది. వెర్న్‌ని అరగంట ప్రశ్నలడిగింది. ఇన్నేళ్ల తర్వాత కేసు పెట్టేదేమీ లేదంది. తర్వాత చిన్న డ్రిల్లు తెచ్చి మా డాష్‌బోర్డు మీది రెండు రివెట్లు తొలిచింది. నంబరు ప్లేటు ఊడి ఆమె అరచేతిలో పడింది. దాన్ని కాగితం కవరులో వేసి మీద ఏదో రాసుకుంది. రెండు బళ్ల తలుపు పక్కనా రెండు కొత్త నంబర్లు అంటించింది. పాతది ఇక ఎవరిదీ కాదంది.

"అంతేనా?" అన్నాడు హాలిస్.

"అంతేనండి."

చార్జర్‌ని నవంబరులో డేటన్‌లో ఉండే ఒక మాస్టారు కొన్నాడు. ముప్ఫై ఎనిమిది వేలు. విషయమంతా కాగితాల్లో ఉంది, చదివే కొన్నాడు. పిల్లల్ని ఎక్కించుకుని ఐస్‌క్రీముకి వెళ్లడానికట. ఆ ధరకి మేం చూసుకున్న ఇల్లు రాలేదు. భోజనాల గదినే పడకగదిగా మార్చుకుందామనుకున్నాం. గోడ కోసి తలుపు పెట్టాలి. ఒక పొద్దున్న వెర్న్ పనిముట్ల పెట్టెతో వాకిట్లో నిలబడ్డాడు. హాలిస్ తలుపు తీసి పక్కకి జరిగాడు. ఇద్దరూ రోజంతా పనిచేశారు. కొలతలు తప్ప ఇంకో మాట మాట్లాడుకోలేదు. సాయంత్రం నేను సూపు పెడితే మాత్రం, ఉప్పు తక్కువైందని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

తర్వాతి జూన్‌లో నదీన్ తన కారు పూర్తిచేసుకుని మా ఇంటికొచ్చింది. వేరే ఇంజను, నీలం రంగు. తాళం హాలిస్ చేతిలో పెట్టింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. రాతి క్వారీ దాకా వెళ్లి వెనక్కొచ్చాం. దారిలో రెండుసార్లు చెయ్యెత్తి టాపు లోపలి వైపు తడిమాడు.

"మీ అన్న కారులాగే ఉందా?" అని నదీన్ ఆత్రంగా అడిగింది.

"తెలియదమ్మా," అన్నాడు హాలిస్. "వాడు నన్నెప్పుడూ నడపనివ్వలేదు."

ఆమె తాళం మళ్లీ అతని చేతిలో పెట్టింది. ఇంకో చుట్టు తిరిగి రమ్మంది. ఈసారి హాలిస్ నన్ను దిగమన్నాడు. ఒక్కడే వెళ్లాడు. నేనూ నదీనూ వరండాలో నిమ్మరసం తాగాం, ఆమె తన వెల్డింగు పని గురించి చెప్పింది, నేను ఆపరేషన్ చేసి పెట్టిన నా కొత్త తుంటి గురించి చెప్పాను. గంటన్నరయినా అతను రాలేదు, ఊరి చివర మలుపు దగ్గర ఇంజను చప్పుడు మాత్రం మళ్లీ మళ్లీ వినిపించింది.