అద్దంతో పాటు పూసిన బిళ్ల

కాలిన అద్దం పది గంటలకు పరీక్ష గదికి తిరిగి వచ్చింది. నడుమ మిరియపు గింజంత మచ్చ. ఆ అద్దం లేజరుకు తట్టుకుంటుందని సంతకం చేసింది పరీక్షకురాలే. మధ్యాహ్నం పెద్దసారు వస్తారు. తప్పు ఆమెదని తేలితే ఆ గదిలో ఆమెకు పని ఉండదు.

అసలు అద్దాన్ని ఎవరూ పరీక్షించరు. లేజరు కొడితే పాడవుతుంది. అందుకని దాని పక్కన ఒక గాజు బిళ్లను పెట్టి, రెండింటికీ ఒకేసారి పూత వేస్తారు. పూత పోయేదాకా బిళ్లను లేజరుతో కాల్చి చూస్తారు. ఒక్కో పరీక్షకు దాని మీద ఒక వరస మచ్చలు పడతాయి. పూత వేసేది ఆమె వదిన. బిళ్ల వదిన చేతి నుంచే వచ్చింది.

ఆమె రెండింటినీ మైక్రోస్కోపు కింద పెట్టింది. పూత వేసేటప్పుడు క్లిప్పు పట్టిన చోట పూత పడదు. అద్దం అంచున క్లిప్పు గుర్తు చదరంగా ఉంది. బిళ్ల అంచున గుండ్రంగా ఉంది. గుండ్రటి క్లిప్పులు వాడటం ఈ అద్దానికి పూత వేయడానికి చాలా ముందే మానేశారు.

వదినను పిలిచింది.

"ఏంటి ఆడపడుచుగారూ, పొద్దున్నే సమన్లు?"

"ఈ బిళ్ల ఎప్పటిది?"

వదిన తలుపు వేసింది. "పూతలో చుక్కలు పడ్డాయి. అప్పటికే రెండుసార్లు పాడైంది. మూడోసారంటే నన్ను పంపించేస్తారు. బీరువాలో పాతది బాగుంటే ఇచ్చాను."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే ఊరుకుంటావా? నీ సంతకముంటే ఎవరూ నోరెత్తరు. దుమ్ము పడి కాలిందని రాసెయ్యి."

"అప్పుడు అద్దం వాడినవాళ్ల మీద పడుతుంది."

"పడనీ. వాళ్లేమైనా మన చుట్టాలా?"

పెద్దసారు రెండింటికి వచ్చారు. ఆమె గుర్తులు చూపించింది. ఆయన వదిన వైపు తిరిగారు.

"నేను సరైనదే ఇచ్చాను సార్. ఈ గదిలోనే ఎక్కడో కలిసిపోయుంటుంది. ఈ మధ్య ఆవిడకి మతిమరుపు. కావాలంటే మా ఆయన్ని అడగండి."

ఆ 'ఆయన' ఆమె అన్న. ఆమె బిళ్లను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఈ గదికి వచ్చిన ప్రతి బిళ్లనీ అదే రోజు కాలుస్తాను సార్. ఇక్కడున్న పాతదే కలిసిపోయుంటే దీని మీద రెండు వరసల మచ్చలుండాలి. ఒక్క వరసే ఉంది. ఇది ఇదివరకు ఈ గడప తొక్కలేదు."

ఆయన వంగి చూశారు. పూత గది బీరువా తాళంచెవి అడిగారు. వదిన ఏప్రాన్ జేబులోంచి తీసి ఇచ్చి, ఆయన వెనకే వెళ్లింది.

ఆమె నివేదిక మీద తన సంతకాన్ని కొట్టేసి తేదీ వేసింది. అన్నకు ఫోను చేసింది.

"బిళ్ల మార్చిన రోజే చెప్పిందిలే," అన్నాడు అన్న. "దుమ్మని రాసేస్తే పోయేదిగా."