మునిగిన నూనె

ఫోను ఇంకా చెవి దగ్గరే ఉండగా గరిఫాలియా కుర్చీలో కూలబడింది. పెద్దకొడుకు మనూసోస్ పనిచేసే ఓడ పిరేయస్ రేవు చేరిందట, పదకొండు నెలల తరువాత. రాత్రికి ఫెర్రీ ఎక్కి తెల్లవారేసరికి ఇక్కడ హన్యా రేవులో దిగుతాడట.

"గుళ్ళో చెప్పి వస్తా," అని నల్ల శాలువా కప్పుకుంది. గుమ్మం దగ్గర ఆగి కొత్త కోడలి వైపు తిరిగింది. "దీపంలో నూనె అడుగంటింది, అంథూలా. నువ్వు నింపు. వాడు ఓడెక్కిన రోజు వెలిగించాను, ఒక్కసారి కూడా ఆరలేదు."

పెళ్ళయి ఇరవై రోజులు. తన చెప్పుల పక్కన భర్త పాంటెలిస్ చెప్పులు కనిపిస్తే చాలు, అంథూలాకి నవ్వొచ్చేస్తోంది. అలాంటిది అత్తగారు ఏకంగా దీపమే అప్పగించింది.

ఓడల వాళ్ళని కాచే పునీత నికోలాస్ పటం ముందున్న దీపపు మంటను జాగ్రత్తగా ఒక పొట్టి కొవ్వొత్తికి అంటించింది. గాజు గిన్నె కడిగింది. వంటింటి అరలోని సీసాలోంచి సగం దాకా నీళ్ళు పోసి, మీద ఆలివ్ నూనె వంచింది. చిన్నప్పుడు థెస్సలోనికిలో అమ్మ చేస్తుంటే చూసిన పనే: కింద నీళ్ళు, పైన నూనె.

నూనె పైన నిలవలేదు. గుండ్రటి బొట్లుగా విడిపోయి, తాపీగా అడుక్కి దిగి కూర్చుంది.

చెంచాతో కలిపింది. తెల్లగా మసకబారి, మళ్ళీ అడుక్కే చేరింది. నూనె చెడిందా? నీళ్ళు చెడ్డాయా? తన చెయ్యే మంచిది కాదా? అవతల కొవ్వొత్తి రెండు వేళ్ళ పొడవుకి వచ్చేసింది.

అప్పుడే పాంటెలిస్ నూనె మిల్లు నుంచి వచ్చాడు, చేతులకి పెట్రోలు వాసనతో.

"మీ ఊరి నూనె మునుగుతోంది," అంది అంథూలా.

అతను గిన్నె దగ్గరికి వంగి వాసన చూశాడు. వెంటనే గిన్నెనీ సీసానీ కొవ్వొత్తికి దూరంగా, గది అవతలి మూలకి చేర్చాడు.

"అవి నీళ్ళు కావే. రాకీ సారా, బట్టీలో మొదట దిగే ఘాటైన ధార. అమ్మ మోకాళ్ళకి రుద్దుకునేది. వెలిగించి ఉంటే పటం కూడా అంటుకునేది. ముక్కు పనిచెయ్యదా నీకు?"

"మూడు రోజులుగా జలుబు. సీసా మీద ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుంది?"

"ఇంట్లోవాళ్ళకి తెలుసుగా."

"నేను ఇంట్లోదాన్ని కాదా?"

అతను గిన్నె కడిగి, కుళాయి నీళ్ళు పట్టుకొచ్చాడు.

"అసలు నూనె నీళ్ళలో ఎందుకు కలవదు?" అంది ఆమె.

"మన పెళ్ళిలో డాన్సు చూశావుగా, భుజాల మీద చేతులేసుకుని. నీళ్ళ రేణువులూ అంతే, ఒకదాన్నొకటి పట్టుకునుంటాయి. నూనెకి ఆ పట్టు లేదు, బయటికి నెట్టేస్తాయి. పెట్రోలుకీ లేదు, అందుకే రెండూ ఇట్టే కలిసిపోతాయి. మిల్లులో ఈ చేతుల జిడ్డు దాంతోనే వదిలేది."

"మరి రాకీ?"

"కొంచెం పట్టుకుంటుంది, కొంచెం వదిలేస్తుంది. దాన్లో నీళ్ళూ ఉన్నాయిగా, నూనె సరిగ్గా కలవదు."

"కలవకపోతే పైనుండాలిగా."

"అది బరువు సంగతి. సారా నూనెకన్నా తేలిక."

"అంటే బయటికి నెట్టాక పైకెళ్ళాలో కిందికెళ్ళాలో చెప్పేది ఇంకొకరా?"

పాంటెలిస్ తల గోక్కున్నాడు. "నువ్వడిగాక నాకూ తికమకగా ఉంది."

ఈసారి నూనె బుద్ధిగా పైన పరుచుకుంది. వత్తిని నూనె మీద తేల్చి మంట అందించేసరికి కొవ్వొత్తి గోరంత మిగిలింది. దీపం అంటుకుంది. వెనకాల తలుపు చప్పుడైంది.

గరిఫాలియా పటం వైపు చూసి, గాలి పీల్చింది. "రాకీ వాసన?"

దాచడం అంథూలాకి చేతకాదు. జరిగిందంతా చెప్పింది.

"మంట ఆరిందా?"

"లేదు అత్తయ్యా. కొవ్వొత్తి మీదుంది."

"అయితే నాకేం." ఆమె శాలువా విప్పి కోడలి చేతికిచ్చింది. "రేపు నాలుగింటికి లేవాలి, ముగ్గురం రేవుకి వెళ్తున్నాం. తిరిగొచ్చాక నువ్వు అన్ని సీసాల మీదా పేర్లు రాయి. పెద్ద అక్షరాలతో రాయి, నా కళ్ళజోడు పగిలింది."